“ఇతరాలు” అనే వరుసలో మానవ హక్కులు: పద్మ పురస్కారాల నామినేషను సేవపై సమీక్ష

ఇటుక బట్టీల నుంచి వెట్టి కూలీలను విడిపించే పనిలో పాతికేళ్ళు గడిపిన ఒక మహిళ పేరును 2024 వర్షాకాలంలో మేము నలుగురం కలిసి పద్మశ్రీకి ప్రతిపాదించాం. దానికి వాడుకున్నది కేంద్ర ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్. మన దేశంలో మానవ హక్కుల కోసం పనిచేసినవారిని జాతీయ స్థాయిలో గౌరవించాలంటే ఒక సామాన్యుడు తన చేత్తో తలుపు తట్టగలిగిన చోట్లలో ముఖ్యమైనది ఇదే కాబట్టి, ఆ సేవ ఎలా ఉందో, ఎక్కడ బాగుందో, ఎక్కడ ఈ పని స్వభావానికి సరిపోవడం లేదో, మాలాగే ఎవరి పేరైనా పంపాలనుకునేవారికి ఉపయోగపడేలా రాయాలనిపించింది.

ముందుగా బాగున్న సంగతులు చెబుతాను. పద్మ పురస్కారాలు 1954 నుంచి ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వాలు, మంత్రిత్వ శాఖలు, గతంలో పెద్ద పురస్కారాలు పొందినవారు సిఫారసు చేస్తేనే పేర్లు ఢిల్లీకి చేరతాయన్న అభిప్రాయం మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది, కానీ ఇప్పుడు ఏ పౌరుడైనా ఎవరి పేరునైనా పంపవచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు కూడా. రుసుము లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. జాతి, వృత్తి, హోదా, స్త్రీ పురుష భేదం లేకుండా అందరూ అర్హులే. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి మాత్రం అవకాశం లేదు; వారిలో డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మినహాయింపు ఉంది. 2025 పురస్కారాలకు 2024 మే 1 నుంచి సెప్టెంబరు 15 వరకు గడువు ఇచ్చారు. నాలుగున్నర నెలలంటే తక్కువ సమయమేమీ కాదు. కాగితాలు వెతుక్కోవడానికి, తేదీలు సరిచూసుకోవడానికి మాకు ఆ గడువు చాలా అక్కరకు వచ్చింది. స్త్రీలలో, బలహీన వర్గాలలో, దళితులలో, ఆదివాసులలో, దివ్యాంగులలో గుర్తింపుకు నోచుకోనివారిని వెతికి పంపమని ప్రభుత్వమే ఏటా కోరుతుంది. ఆ మాట కాగితానికే పరిమితం కాలేదని ఈ మధ్య వచ్చిన జాబితాలు చూసినవారికి తెలుస్తుంది.

ఇక దరఖాస్తు దగ్గరకు వద్దాం. ఫోనుకు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్ళాక, ఏ పురస్కారమో ఎంచుకుని, వ్యక్తి వివరాలు నింపి, ఆమె ఏ రంగంలో పనిచేశారో చెప్పాలి. మేము ఆగిపోయింది అక్కడే, అదీ దాదాపు ఒక పూట. పద్మ మార్గదర్శకాలలో రంగాలు పది ఉన్నాయి. కళలు మొదట, తర్వాత సామాజిక సేవ, ప్రజా వ్యవహారాలు, శాస్త్ర సాంకేతికాలు, వాణిజ్యం పరిశ్రమలు, వైద్యం, సాహిత్యం విద్య, సివిల్ సర్వీసు, క్రీడలు. పదో వరుసలో “ఇతరాలు” అని ఉంటుంది. పైవాటిలో దేనిలోనూ చేరనివి అని చెబుతూ, భారతీయ సంస్కృతి ప్రచారం, మానవ హక్కుల పరిరక్షణ, వన్యప్రాణుల సంరక్షణ అని మూడు ఉదాహరణలు ఇచ్చారు. అంటే మానవ హక్కులకు ఈ దేశపు పౌర పురస్కారాల్లో పేరుంది గానీ, అది చిట్టచివరి వరుసలో, నడిమి ఉదాహరణగా ఉంది.

ఇది వట్టి గడుల లెక్క కాదని, ఏళ్ళ తరబడి ఎవరెవరికి ఏ రంగం కింద పురస్కారం వచ్చిందో చూస్తే అర్థమవుతుంది. భోపాల్ విషవాయు బాధితుల పరిహారం కోసం, వైద్యం కోసం జీవితాంతం పోరాడిన అబ్దుల్ జబ్బార్‌కు 2020లో, ఆయన చనిపోయాక, పద్మశ్రీ ప్రకటించారు, సామాజిక సేవ కింద. మంత్రగత్తె అన్న ముద్ర వేసి ఊరు హింసిస్తే తట్టుకుని నిలబడి, అదే ముద్ర పడిన ఎందరో ఆడవాళ్ళకు అండగా నిలిచిన జార్ఖండ్‌కు చెందిన చుట్నీ మహతోకు, అదే పని అస్సాంలో చేసిన బీరుబాలా రాభాకు 2021లో ఇచ్చారు, అదీ సామాజిక సేవ కిందే. అక్రమ రవాణా నుంచి ఆడపిల్లలను కాపాడుతూ హైదరాబాదులో ప్రజ్వల సంస్థను నడిపే సునీతా కృష్ణన్‌కు 2016లో అదే రంగం కింద ఇచ్చారు. ఎస్సీ వర్గీకరణ కోసం 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరాను మొదలుపెట్టి మూడు దశాబ్దాలు నడిపిన మంద కృష్ణ మాదిగకు 2025లో పద్మశ్రీ వచ్చింది, ప్రజా వ్యవహారాల కింద. వీరంతా గౌరవానికి అర్హులే, ఆ ప్రకటనలు చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. కానీ వీరు చేసిన పని సేవ మాత్రమే కాదు. ఒకరి దగ్గర ఉండాల్సిన హక్కు ఇంకొకరి గుప్పిట్లో చిక్కుకుంటే దాన్ని తిరిగి ఇప్పించారు. ఆ తేడా జాబితాలో ఎక్కడా కనబడదు.

బాబా ఆమ్టే సంగతి తీసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. కుష్ఠు రోగులకు ఆనందవనంలో ఇల్లూ పనీ గౌరవమూ కల్పించిన ఆయనకు 1986లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది, సామాజిక సేవకు. రెండేళ్ళ తర్వాత, 1988లో, అదే మనిషికి, అదే పనికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన బహుమతి పేరులోనే మానవ హక్కులు అన్న మాట ఉంది. ఫ్రాన్సులో ప్రభుత్వం పేరిట మానవ హక్కులకే ఒక బహుమతి 1988 నుంచి ఇస్తున్నారు. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులకు ఒక భాగమే కేటాయించుకున్నాం. జాతీయ మానవ హక్కుల కమిషను 1993 నుంచి పనిచేస్తోంది. అలాంటప్పుడు పౌర పురస్కారాల్లో ఈ పనికి విడిగా ఒక వరుస ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష గురించి. దరఖాస్తుకు ప్రాణం లాంటిది ప్రశంసాపాఠం. ప్రతిపాదించిన వ్యక్తి చేసిన విశిష్ట కృషిని 800 పదాలకు మించకుండా వివరంగా రాయాలి. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడిని కనుక ఆ పని నా మీద పడింది. టైపు చేయించుకుందామని మా మండల కేంద్రంలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళాం. నేను రాసిచ్చిన కాగితం సగం చదివి, ఇలాంటివి తన దగ్గర తయారుగా ఉంటాయని చెప్పి, అక్కడి అబ్బాయి ఇంకెవరికో చేసిన పాఠాన్ని తెరిచి పేరు మార్చేశాడు. “దీనుల పాలిట దేవత, దయార్ద్ర హృదయ, నిస్వార్థ సేవామూర్తి” అని ఇంగ్లీషులో మూడు పేరాలు. వద్దని చెప్పేలోపే నేను రాసింది చెరిగిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఆ అబ్బాయిని నేను నిందించడం లేదు. ఎవరికైనా పురస్కారం అడుగుతున్నామంటే దయ, కరుణ, త్యాగం అనే మూసలోకి మన భాష దానంతటదే జారిపోతుంది.

మేమందరం అక్క అని పిలిచే ఆ మహిళకు ఆ మూడు పేరాలు చదివి వినిపించినప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “దయ అని రాయకండి సారూ. నేనేం దానం చేసిన? వాళ్ళకు రావాల్సింది ఇప్పించిన, గంతే.”

ఆ మాటతోనే మా ప్రశంసాపాఠం మారిపోయింది. మరునాడు ఆమె ఇంట్లోని ట్రంకు పెట్టె తెరిచింది. అందులో పాత చీర ముక్కలో చుట్టిన జిరాక్సు కాగితాల కట్టలు, ప్రతి కట్ట మీదా బట్టీ ఉన్న ఊరి పేరు, సంవత్సరం. ఎక్కువభాగం రిలీజ్ సర్టిఫికెట్లు. దీన్ని ఎరగనివారికి చెప్పాలి: 1976 నాటి వెట్టి చాకిరి నిర్మూలన చట్టం కింద, ఫలానా మనిషి వెట్టి నుంచి విముక్తుడయ్యాడని, అతను తీసుకున్న అడ్వాన్సు అప్పు రద్దయిపోయిందని కలెక్టరో ఆర్డీవోయో సంతకం చేసి ఇచ్చే కాగితం అది. ఆ కాగితం చేతిలో లేకుండా సొంత ఊరికి వెళితే, అడ్వాన్సు ఇచ్చిన సర్దారు మళ్ళీ ఇంటి ముందు నిలబడతాడు. అది చేతిలో ఉంటేనే కేంద్ర పథకం కింద పునరావాస సాయం అడగడానికి వీలవుతుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీలకు భార్యాభర్తలు, పిల్లలు కలిసి వస్తారు. సంక్రాంతికి ముందే చేరుకుని, తొలకరి పడేలోపు తిరిగిపోవాలి. వెళ్ళనివ్వకుండా ఆపినప్పుడే అక్కకు ఫోను వస్తుంది.

ఒక కాగితం నేను చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. సంతకం చోట ఒక తల్లి వేలిముద్ర, పక్కనే ఆమె కూతురిది. కూతురి వేలిముద్ర నా గోరంత ఉంది. వయసు అని ఉన్న చోట ముందు తొమ్మిది అని రాసి, కొట్టేసి, ఎనిమిది అని దిద్దారు. ఎందుకని అడిగితే, తనకెన్నేళ్ళో ఆ పాపకు తెలియదని, బడి రిజిస్టరు తెప్పించి సరిచేశారని అక్క చెప్పింది. ఆ పిల్ల ఇటుకలు తిరగేసే పనిలో ఉండేదట. పచ్చి ఇటుక ఆరడానికి పక్కకు తిప్పాలంటే బరువు తక్కువ ఉన్న పిల్లలైతేనే దాని మీద నడిచినా విరగదని, అందుకే ఆ పని వాళ్ళకు పెడతారని ఆమె మామూలుగా చెప్పింది. ఇలాంటి సంగతులను 800 పదాల్లో ఎలా పెట్టాలో తెలియక ఆరు సార్లు రాసి ఆరు సార్లు కొట్టేశాను. చివరికి ఒక నిర్ణయం తీసుకున్నాం: విశేషణాలన్నీ తీసేసి, ఏ ఏడు, ఏ బట్టీ నుంచి, ఎన్ని కుటుంబాలు, ఏ అధికారి సంతకంతో విడుదలయ్యాయో వరుసగా రాయడం. అప్పుడు మాత్రం 800 పదాలు సరిపోయాయి. పరిమితి ఉండటం మంచిదేనని నాకు అప్పుడు అనిపించింది. పొగడ్తకు అది చాలదు, తేదీలకూ కాగితాలకూ చాలుతుంది.

కానీ ఇంకో చిక్కు మిగిలిపోయింది. పద్మ పురస్కారం వ్యక్తులకే, సంస్థలకు కాదు. దరఖాస్తులో మొత్తం కథ ఒక్కరి పేరు మీదే నడవాలి. పాఠం పూర్తయ్యాక చదివి వినిపిస్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు. “నాతోని బట్టీకాడికి వచ్చిన పిల్లల పేర్లు ఏ గడిల రాస్తరు సారూ?” అని మాత్రం అడిగింది. ఒడియా తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు, అర్ధరాత్రి లారీ తెచ్చిన డ్రైవరు, ఫీజు తీసుకోకుండా పిటిషన్లు రాసిపెట్టిన వకీలు, అన్నింటికీ మించి, యజమాని ఎదుటే నోరు తెరిచి “మమ్మల్ని కొట్టారు” అని వాంగ్మూలం ఇచ్చిన కూలీలు. హక్కుల పనిలో అసలు ధైర్యం ఎప్పుడూ ఆ చివరివారిదే. వారికి ఈ దరఖాస్తులో చోటు లేదు. మేము మా ప్రశంసాపాఠంలో చివరి నలభై పదాలు వారి కోసం అట్టేపెట్టాం.

దీనికి తోడు, సిఫారసు అయినవారి నడవడిక, గత చరిత్ర గురించి ప్రభుత్వ సంస్థల చేత విచారణ చేయిస్తారు. పురస్కారం గౌరవం నిలబడాలంటే అది అవసరమే, నేను కాదనను. అయితే హక్కుల కోసం పనిచేసే మనిషి మీద, కలెక్టరాఫీసు ముందు ధర్నాలో కూర్చున్నందుకో, బట్టీలోకి అనుమతి లేకుండా వెళ్ళారని యజమాని ఫిర్యాదు చేసినందుకో, ఒకటి రెండు కేసులు ఉండటం అరుదేమీ కాదు. అక్క మీద కూడా అలాంటిది ఒకటి నడిచి, కొట్టివేశారు. వైద్యుడి మీదో గాయకుడి మీదో ఉన్న కేసునూ, ఈ పని చేసేవారి మీద ఉన్న కేసునూ ఒకే కళ్ళతో చూడకూడదని మార్గదర్శకాల్లోనే ఒక వాక్యం ఉంటే బాగుంటుంది.

ఈ సందర్భంలో ఎస్.ఆర్.శంకరన్ గారిని తలుచుకోకుండా ఉండలేకపోయాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపి, వెట్టి నిర్మూలన చట్టాన్ని ఊళ్ళ దాకా తీసుకెళ్ళిన ఆ ఐఏఎస్ అధికారికి 2005లో పద్మభూషణ్ ఇవ్వజూపితే ఆయన స్వీకరించలేదు. ఆయన వెన్నుదన్నుగా నిలిచిన సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపిస్తున్న బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. కోలారు బంగారు గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టి, చేతులతో మలం ఎత్తే పని ఈ దేశంలో ఉండకూడదని పోరాడిన మనిషి ఆయన. శంకరన్ గారి దారి మనకు ఆదర్శం కావచ్చు, కానీ ఇతరుల తరఫున ఆ నిర్ణయం మనం తీసుకోకూడదు. ఆ గౌరవం తనకు వద్దనే హక్కు కూడా అక్కదే కాబట్టి, పంపే ముందు ఆమెను రెండు సార్లు అడిగాం. రెండోసారి, “బిళ్ళ వస్తే ఆర్డీవో సారు కుర్సీ వేస్తడేమో, పంపుండ్రి” అంది. పురస్కారంతో డబ్బు రాదు, రైలు టిక్కెట్టులో రాయితీ రాదు, పేరుకు ముందూ వెనకా బిరుదులా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చి చెప్పింది. రాష్ట్రపతి సంతకంతో సనదు, పతకం వస్తాయి. కానీ ఇటుక బట్టీ గేటు దగ్గర నిలబడే మనిషికి ఆ సనదు ఎంత రక్షణో ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఎంపిక విధానం గురించి క్లుప్తంగా: ప్రధానమంత్రి ఏటా నియమించే పద్మ పురస్కారాల కమిటీ, క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన, హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురు ప్రముఖులతో కూర్చుని పేర్లు పరిశీలిస్తుంది. సిఫారసులు ప్రధానికి, రాష్ట్రపతికి వెళతాయి. మరణానంతరం ఇచ్చేవి, విదేశీయులకు, ప్రవాసులకు ఇచ్చేవి మినహాయిస్తే ఏడాదికి 120కి మించకూడదు. ఎంపిక కానివారి విషయంలో కారణాలు చెప్పే పద్ధతి లేదు. అన్ని పేర్లకూ కారణం చెప్పడం సాధ్యం కాదని నేనూ ఒప్పుకుంటాను. రంగాలవారీగా ఎన్ని పేర్లు వచ్చాయో, ఎన్ని చివరిదాకా నిలిచాయో ప్రకటించినా చాలు, “ఇతరాలు” వరుసలో హక్కుల పనికి ఎంత చోటు దొరుకుతోందో దేశానికి తెలుస్తుంది.

ఇదే పోర్టల్‌లో ఇతర జాతీయ పురస్కారాలు కూడా ఉన్నాయి. దివ్యాంగుల సాధికారతకు ఇచ్చేవి హక్కుల పనికి దగ్గరగా ఉంటాయి కనుక ఆ రంగంలో ఉన్నవారు ముందు వాటిని చూడాలి. జాతీయ మానవ హక్కుల కమిషను 2015 నుంచి మానవ హక్కులపై లఘుచిత్రాల పోటీ నడుపుతోంది. 2024లో బాల్య వివాహం మీద ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తెలుగు చిత్రానికి రెండో బహుమతి వచ్చింది. అది కళకు ఇచ్చే బహుమతి, క్షేత్రంలో పనిచేసేవారికి కాదు, అయినా యువకులు తెలుసుకోదగ్గది.

సేవగా నేను దీనికి అయిదుకు మూడున్నర ఇస్తాను. ఎవరికైనా తెరిచి ఉండటానికి, ఖర్చు లేకపోవడానికి, గడువు ధారాళంగా ఇచ్చినందుకు ఆ మూడున్నర. మిగిలిన ఒకటిన్నర, మానవ హక్కులకు సొంత వరుస ఇచ్చిన రోజున, సమష్టిగా చేసిన పనిని చెప్పుకోవడానికి ఒక గడి తెరిచిన రోజున సంతోషంగా కలుపుతాను. పంపాలనుకునేవారికి నా అనుభవం నుంచి ఒక మాట: ప్రశంసాపాఠం ముందు తెలుగులో రాసుకోండి, ఎవరి గురించి రాస్తున్నారో వారికి చదివి వినిపించండి, ఆ తర్వాతే ఇంగ్లీషు చేయండి. మూసమాటలు తెలుగులో వినగానే దొరికిపోతాయి. ప్రతి తేదీకీ ఒక కాగితం దగ్గర పెట్టుకోండి, పంపినదాని ప్రతి ఒకటి అచ్చు తీసి ఉంచుకోండి.

2025 జనవరి 25 సాయంత్రం జాబితా వచ్చింది. మొత్తం 139 పేర్లు. అక్క పేరు లేదు. మంద కృష్ణ పేరు చూసి ఆమె చప్పట్లు కొట్టింది. మేము పంపిన పాఠం అచ్చు ప్రతి మాత్రం ఊరికే పోలేదు. ఆ వేసవిలో ఒక బట్టీ కేసులో, కొత్తగా వచ్చిన అధికారి “మీరెవరు, మీకేం సంబంధం” అని అడిగినప్పుడు ఆమె ఆ రెండు పేజీలు బల్ల మీద పెట్టింది. ఆయన నిలబడే మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశాడు.

2026 పురస్కారాలకు నామినేషన్లు 2025 మార్చి 15న మొదలయ్యాయి. మళ్ళీ అదే తెర ముందు కూర్చున్నాం. మొదటిసారి, ముందు వచ్చినవారిని చూసి, “సామాజిక సేవ” అని ఎంచుకున్నాం. ఈసారి రంగాల జాబితా తెరవగానే అక్క తానే ముందుకు వంగి, వేలు పెట్టి చిట్టచివరి వరుస చూపించింది.